వెనక సీటు

సెర్వా నాన్నా,

ఫుఫు, పులుసు మూతపెట్టి ఉంచాను, తిను. తిన్నాక షెడ్డుకి వెళ్ళినా బెడియాకో వ్యాన్ జోలికి మాత్రం పోకు. తాళంచెవి కోసం వెతక్కు, నాతో తీసుకుపోతున్నాను. మాంపాంగ్‌లో పెద్దమ్మ అంత్యక్రియలు కాగానే ఆదివారం వచ్చేస్తాం, నేనూ సెర్వా.

సామాను వ్యాన్‌ని జనం ఎక్కే ట్రోట్రో బస్సు చేస్తున్నాం, బాగానే ఉంది. ఇంకో వరుస సీట్లు పట్టించడానికి అడుగున బరువు మోసే అడ్డదూలాన్నే కోసేస్తావా? పొద్దున నువ్వు గ్యాస్ బండకి వెళ్ళినప్పుడు, కెంకే ముద్దలు అమ్మే ఆడవాళ్ళను పిలిచి వెనక కూర్చోబెట్టాను. బండి నడుము వంగి తలుపు బిగుసుకుపోయింది. ఎంత లాగినా రాలేదు. వాళ్ళు ముందు తలుపు నుంచి దిగాక దానంతటదే తెరుచుకుంది. "ఏం పొకువక్కా, మేమంత లావున్నామా?" అని ఒకటే నవ్వు. నాకు నవ్వు రాలేదు.

బెడియాకో వస్తే బండి ఇప్పుడే ఇవ్వనని చెప్పు. "ఏంటి మేస్త్రీ, ఆదివారం బండికి ప్రార్థన చేయడానికి పాస్టర్‌ని కూడా పిలిచేశాను!" అని ఎగురుతాడు. ఎగరనీ. ఆ వరుస పీకేసి కొత్త దూలం వెల్డింగ్ చేద్దాం. వెనక అద్దం మీద 'భయపడకు' అని అప్పుడే రాయించేశాడు. జనం అది నమ్మి ఎక్కుతారు.

పొకువా

ఇంకో మాట. ఏ బండి తయారైనా మొదటిసారి రోడ్డెక్కించేటప్పుడు వెనక సీట్లో నన్నే కూర్చోబెడతావు. నిన్న దీన్ని టాఫో దాకా నడిపి తెచ్చావు. నన్ను ఎక్కమనలేదు.