గేటు రంగు పూసిన గేలం కర్ర

మావా,

నువ్వు పోయి ఏడాదైనాది. నీ పాత ఫైబర్ గేలం కర్రకి నీ తమ్ముడు గేటుకి కొట్టగా మిగిలిన వెండి రంగు పూసేసి, ఆళ్ళింటి గోడకి తగిలించాడు. వచ్చినోళ్ళందరికీ "దీంతోనే పండుగొప్ప సేపని పట్టాను" అని సెప్తన్నాడు. ఆడి మొగానికి ఎర గుచ్చడమే రాదు!

లాక్కొచ్చేసాను. ఉప్పుకాయితంతో రుద్దితే అడుగునున్న తేనె రంగు బయటపడింది. నువ్వు సేస్తుంటే సూసిందే కదా, గేలం తాడు దూరే రింగులకి కొత్త ఎర్రదారం సుట్టి వార్నీషు పూసాను. అది సూసి ఆడొచ్చాడు.

"బాగుంది వదినా, ఇచ్చేయి. గోడ బోసిగా ఉన్నాది."

"నువ్వే వెళ్ళి ఆనుకుని నిలబడు. గోడకి తప్ప దేనికీ పనికిరావు" అన్నాను.

నిన్న కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసే మొగ దగ్గర మొదటిసారి నేనే గేలమేసాను. అరచెయ్యంత సేప పడింది. పులుసెట్టాను. నా ఒక్కదానికి సరిపోయినాది, మావా.