మేత తక్కువ ఫట్‌ఫటి

మిర్యాలగూడ, 1949

నాయినకు దండాలు. ఇక్కడ అందరం బాగున్నాము.

రోజూ గరిడేపల్లి బడిలో నౌకరీకి పోయిరావడానికి ఫట్‌ఫటి మోటారు సైకిలు కొన్నాను. మీరు చెప్పినట్టే, ఎడ్ల బేరం తెలిసిన పర్వతాలు మామను సూర్యాపేటకు వెంట తీసుకుపోయాను. మిలిటరీ వాళ్ళు వాడి అమ్మేసినవి రెండు ఉన్నాయి. మొదటిది ఒక్క తన్నుకే రంకె వేసింది. "గిది పొగరుది, మస్తు మేస్తది" అన్నాడు మామ. రెండోది ఎంత తన్నినా కిక్కురుమనలేదు. "గిది సాధుది, మేత తక్కువ. గిదే పట్టు" అన్నాడు. ఎదురు చెప్పలేక పట్టాను. ఆయన మాట తప్పలేదు, ఇంతవరకు చుక్క పెట్రోలు తాగలేదు.

అమ్మకు మోకాళ్ళ నొప్పి తగ్గిందా? బర్రె ఈనిందా?

మీరు అమ్ముతానన్న కర్రెద్దును అమ్మకండి. ఒంటెద్దు బండి కట్టి నాకు పంపండి. అది ఎంత మేసినా సరే, కదిలితే చాలు.

మీ కొడుకు,
బక్కయ్య