తప్పు పార్వతిది కాదు

ఖరిదా, ఖరగ్‌పూర్
ఆదివారం

తల్లిలాంటి అప్పకి,

నీ తమ్ముడు సూరి దణ్ణాలు పెట్టి రాస్తున్నాను. నువ్వు, బావ, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? నా గురించి బెంగ పడకు. ఆసుపత్రి నుంచి వచ్చి పది రోజులైంది, మళ్లీ జ్వరం రాలేదు. నిజంగానే బాగున్నాను.

ఇక్కడ ఎండ మండిపోతోంది. నా కిడ్నీలు చేయలేని పని పొట్టలోకి ఎక్కించే నీళ్లు చేస్తున్నాయని నీకు తెలుసు కదా. రోజుకు నాలుగుసార్లు పాత నీళ్లు గొట్టంలోంచి దింపి, కొత్త సంచి ఎక్కించాలి. అంతసేపూ తలుపులు మూసి, ఫ్యాను ఆపి, మాస్కు కట్టుకుని కూర్చోవాలి. ఏడాదిగా ఆ ఉక్కలో అన్నీ నీ మరదలు పార్వతే చేస్తోంది. తాగే నీళ్లు కొలిచి ఇస్తుంది, రోజూ గుడ్డు తెల్లసొన బతిమాలి తినిపిస్తుంది. తిండి సయించదు, అయినా తింటున్నాను.

ఊరొదిలి వచ్చి ఇన్నేళ్లయింది, చుట్టూ మన తెలుగువాళ్లే, కానీ రైల్వే వర్క్‌షాపులో ఎవరికీ ఈ సంగతి చెప్పలేదు. నీళ్లతో ఉబ్బిన నా పొట్ట చూసి, "ఏటి సూరిబాబూ, రసగుల్లాలు బాగా ఒంటబడతన్నాయి" అని నవ్వుతారు. నేనూ నవ్వేస్తాను. పొట్టకి గొట్టం ఉన్న మనిషినని తెలిస్తే ఎలా చూస్తారోనని సిగ్గు.

ఆ సిగ్గే కొంప ముంచింది అప్పా. కిందటి నెల మాతో పనిచేసే దాసు దాదా రిటైరై, ప్రేమ్ బజార్‌లో వాళ్లింట్లో భోజనాలు పెట్టాడు. పార్వతి సంచి, మాస్కు అన్నీ సర్ది, "దాదానడిగి గది మూయించుకో. తొందరపడిపోకు" అంది. నేను ఎవరినీ అడగలేదు. వెనక గదిలో దూరి, ఫ్యాను ఆపకుండా, మాస్కు లేకుండా మొదలుపెట్టాను. ఎవరో తలుపు కొట్టి, "లోపలేటి సేస్తన్నావు? వడ్డించేసినారు" అన్నారు. కంగారులో గొట్టం కొన చొక్కాకి తగిలింది. అలాగే బిగించేశాను.

రెండు రోజులకి దిగిన నీళ్లు గంజిలా ఉన్నాయి. కడుపునొప్పికి మెలికలు తిరిగిపోయాను. శుభ్రం ఎక్కడ తప్పిందని ఆసుపత్రిలో నర్సు దీదీ అడిగితే, "నేను సరిగ్గానే సేసినాను. ఇంట్లో ఈవిడే సేస్తాది" అన్నాను. అందరూ పార్వతి వైపు చూశారు. నీకూ ఫోనులో అదే చెప్పాను. నువ్వు తనని, "సేతులు కడుక్కోడం కూడా రాదేటే నీకు? నా తమ్ముణ్ణి సంపేస్తావా?" అని తిట్టావు. పక్కనే ఉండి విన్నాను, నోరు మెదపలేదు. ఛీ, నాదీ ఒక బతుకేనా.

ఇప్పుడు తను తోలు ఊడేలా చేతులు కడుగుతోంది. మొన్న సంచి పట్టుకుని ఏడ్చింది. "నా సేతుల్లోనే ఏటో ఉంది. వదినని రమ్మందాం, ఆవిడే సేస్తాది" అంది. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు.

అప్పా, ఆ చేతులే నన్ను బతికించాయి. తప్పంతా నాది. నువ్వొకసారి ఫోను చేసి తనతో మంచిగా మాట్లాడు. బావకి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు. అడిగే మొహం లేకపోయినా, మీ దీవెన నాకు కావాలి.

పార్వతి ఎదురుగా నిలబడి ఈ మాట చెప్పే ధైర్యం లేకే ఫోను మాని ఉత్తరం రాశాను. కవరు అంటించకుండా తన చేతికే ఇస్తున్నాను, "ముందు నువ్వు చదువు" అని తనకి చెప్పి. పోస్టు చేస్తుందో, చింపేస్తుందో తన ఇష్టం. ఇది నీకు చేరిందంటే, పంపింది పార్వతే.

నీ తమ్ముడు
సూరి