గోడ మీద మూడు దెబ్బలు

మునిసిపల్ ఆఫీసులో రొద ఫిర్యాదులు చూసే అధికారిగారికి,

పక్కింటి టైలరమ్మ రోజూ పొద్దున్నే గోడ మీద మూడుసార్లు కొడుతోందని ఫిర్యాదు చేసింది నేనే. నాచేత ఇల్లు ఖాళీ చేయించడానికే ఆ ఎత్తు అనుకున్నాను. మీరొచ్చి ఆపించారు. నిన్న ఆవిణ్ణి నిలదీస్తే, "మునిసిపల్ ఆఫీసులో వృద్ధుల సంక్షేమం చూసే మేడమే రోజూ కొట్టి చూడమన్నారు పిన్నిగారూ. మీ తిట్టు వినపడితే బాగున్నారని పనిలో కూర్చునేదాన్ని" అంది.

మీ ఆఫీసులోనే ఒక గదివాళ్ళు కొట్టమంటారు, ఇంకో గదివాళ్ళు ఆపమంటారు. ఇందులో ఏదో మతలబు ఉంది. అయినా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను. రేపటి నుంచి మళ్ళీ కొట్టమనండి. నా తిట్టు వినపడని రోజు మీరు నోటీసులు రాస్తూ కూర్చోనక్కర్లేదు. మా ఇంటి రెండో తాళంచెవి ఆ టైలరమ్మకే ఇచ్చాను.

నమ్మి మాత్రం కాదు.

ఇట్లు,
పన్నెండో నంబరు ఇంటి ముసలమ్మ