నాలుగో నంబరు జవాబు

మార్చి 3, సోమవారం

షోరూమ్ కౌంటర్ దగ్గర దారంతో వేలాడే ఫిర్యాదుల పుస్తకాన్ని ఈరోజు నా చేతులతో నేనే కత్తిరించి తీసేశాను. మాది ఇస్త్రీ పెట్టెల కంపెనీ. కొన్నవాళ్ళు అందులో రాసిపోయేవాళ్ళు. శనివారం శనివారం ఫోర్‌మన్ గారు చదివేవారు. చదివిన ప్రతి పేజీ మీదా ఆయన గ్రీజు వేలిముద్ర ఉంది.

మీటింగులో నేనే లేచి మాట్లాడాను. పుస్తకాన్ని ఒక్కరు చదువుతారు, ఇంటర్నెట్‌లో కంపెనీ పేజీని లోకమంతా చదువుతుంది, ఇక ఏ కంపెనీ దేన్నీ దాచలేదు అన్నాను. సగం మాటలు నేను చదివిన కరపత్రంలోవి. చప్పట్లు కొట్టారు. ఎప్పుడూ గ్రాఫులే చూపించే మా మేనేజర్ గ్రాఫ్ సార్, ఏమయ్యా కరపత్రం, నోరు బానే ఉందే, పేజీ కూడా నువ్వే చూసుకో అన్నాడు.

ఫోర్‌మన్ గారు మాత్రం, దీనికి చార్జింగు అక్కర్లేదు బాబూ అని పుస్తకాన్ని చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు. ఒళ్ళు మండిపోయింది. పాతకాలం మనిషి.

మార్చి 6, గురువారం

జవాబుల షీట్ ఇచ్చారు. మొత్తం పన్నెండు, నంబర్లతో సహా. సొంతంగా ఒక్క ముక్క కూడా రాయకూడదు. తొమ్మిది నిమిషాల్లో జవాబు పడాలి. నాలుగోది ఇది: "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం గారూ. మీ అభిప్రాయం మాకు అమూల్యం. ఇన్‌బాక్స్‌లో ఫోన్ నంబరు పంపండి."

ఇన్‌బాక్స్ ఎవరు చూస్తారని అడిగాను. నువ్వే అన్నాడు గ్రాఫ్ సార్. చూసి ఎవరికి చెప్పాలి అన్నాను. టీమ్ వస్తుందిలే, కంగారెందుకు అన్నాడు.

మార్చి 11, మంగళవారం

నీలం మోడల్ పిడి వదులవుతోందని ముగ్గురు రాశారు. ముగ్గురికీ నాలుగు.

మార్చి 14, శుక్రవారం

పదకొండు మంది అయ్యారు. గ్రాఫ్ సార్ బల్ల మీద గుద్ది మరీ అడిగాను, ఇది ఫ్యాక్టరీకి ఎప్పుడు చేరుతుందని. ఆయన టీ గ్లాసు పక్కకి జరుపుకున్నాడు. అది ఫిర్యాదు కాదయ్యా, ఎంగేజ్‌మెంట్. తిట్టడానికైనా మన గుమ్మంలోకి వస్తున్నారుగా అన్నాడు. స్క్రీన్ మీద పైకి పాకుతున్న గీతని చూపించాడు. మరి అమ్మకాలు అన్నాను. అవి ఉన్నచోటే ఉన్నాయట. నిదానం మీద పెరుగుతాయట.

ఫ్యాక్టరీలో ఫోర్‌మన్ గారి షెడ్డు మా గోడకి అవతలే. నలభై అడుగులు ఉంటుందేమో. వెళ్ళొచ్చు. భోజనం చేసి వచ్చి కుర్చీలో కూర్చున్నాను.

మార్చి 17, సోమవారం

నాలుగు. నాలుగు. రెండు. నాలుగు.

మార్చి 19, బుధవారం, మధ్యాహ్నం 12.20

అందరికన్నా వేగంగా జవాబులిస్తున్నానని కేక్ కోయించారు. ఫోటో తీసి పేజీలో పెట్టాం. కింద ఎవరో పిడి గురించి రాశారు. కేక్ నములుతూనే జవాబిచ్చాను. నాకు కోపం వస్తుందేమోనని కాసేపు చూశాను. రాలేదు.

మార్చి 20, గురువారం, సాయంత్రం 5

అక్క చెయ్యి కాలింది. కుడి చెయ్యి.

బావ ఫోన్ చేస్తే ఆసుపత్రికి వెళ్ళాను. అక్క కుట్టుపని చేస్తుంది. కాలర్ ఇస్త్రీ చేస్తుంటే పిడి ఊడి చేతిలోకొచ్చిందట, పెట్టె తిరగబడి వేళ్ళ మీద పడిందట. నీలం మోడల్. నేనే తెచ్చిచ్చాను.

అక్క నన్ను తిట్టలేదు. మీ పేజీలో మొన్నే రాశాను కదరా, నీకు ఫోన్ చేస్తే పనిలో ఉన్నానే అని కసురుకుంటావని అంది. నేను కంపెనీకి పోస్టులు రాస్తానని తనకి తెలుసు. జవాబులు కూడా నావేనని ఎప్పుడూ చెప్పలేదు. ఎవర్రా అతను, గారూ అని ఎంత మర్యాదగా రాశాడో, పాపం పెద్దమనిషిలా ఉన్నాడు అంది.

వరండాలోకి వెళ్ళి ఫోన్ తీసి చూశాను. కుట్టు షాపు పేరుతో రాసింది. సోమవారం, 11.06. పద్దెనిమిది సెకన్లలో జవాబు పడింది. నాలుగు.

మార్చి 21, శుక్రవారం

ఉదయాన్నే నలభై అడుగులూ నడిచాను. ముప్పై నాలుగు ఫిర్యాదులూ ఫోన్లోంచి గట్టిగా చదివి వినిపించాను. ఇరవై ఆరోది అక్కది. అక్కడా గొంతు మారలేదు. ఫోర్‌మన్ గారు ఒక నీలం పెట్టె విప్పి, పిడి లోపలి ప్లాస్టిక్‌ని గోటితో నొక్కారు. మైనంలా దిగింది. కొత్త సరుకు ఇది అన్నారు. లేచి తయారీ లైన్ ఆపేశారు.

ఎప్పటినుంచి తెలుసు అని అడిగారు. పది రోజులనుంచి అన్నాను.

పది రోజులూ గోడకి అవతలే ఉన్నావా బాబూ అన్నారు. అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

పేజీలో షీట్ చూడకుండా రాశాను: "నీలం మోడల్ పిడి ఊడిపోతోంది. వాడకండి. ప్లగ్ పీకేసి వెనక్కి తెచ్చివ్వండి." గ్రాఫ్ సార్ ఇరవై నిమిషాల్లో తీసేశాడు. కంపెనీ పరువు నడివీధిలో పెట్టావు కదయ్యా అన్నాడు. నీకు ఇంటిదగ్గర విశ్రాంతి కావాలేమో అని కూడా అన్నాడు. అవునేమో అన్నాను. ఇన్‌బాక్స్‌లోని నంబర్లు అప్పటికే కాగితం మీదికి ఎక్కించుకున్నాను.

మార్చి 22, శనివారం

షెడ్డులో కూర్చుని అందరికీ ఫోన్ చేశాం. ఒకావిడ, నువ్వు మనిషివా మెషీనువా అని అడిగింది. మనిషినేనమ్మా అన్నాను. నమ్మలేదు. నీ మాటల్లో మనిషి వాసనే లేదు నాయనా అంది. ఫోర్‌మన్ గారు ఫోన్ లాక్కుని, ముందు ఆ ప్లగ్గు పీకు తల్లీ, తర్వాత నన్ను ఎంతైనా తిట్టుకో అని అరిచారు. పీకిందట.

అక్క కాక మిగతా ముప్పై ముగ్గురూ దొరికారు. ఇంకెవరికీ కాలలేదు.

ఏప్రిల్ 9, బుధవారం

అక్క కట్టు విప్పారు. ఆ జవాబులు రాసింది నేనేనని చెప్పాను. డాక్టర్ చూపుడు వేలు వంచమన్నాడు. అక్క చాలాసేపు ప్రయత్నించినా వేలు వంగలేదు. ఎడమ చేత్తో నా చెయ్యి అందుకుని, ఆ జవాబులు నొక్కిన నా వేలు వంచి ఆయనకి చూపించింది.