గొట్టం మూతిలో దుప్పటి ముక్క

ఏమండీ,

బాగున్నారా అని అడగొచ్చో లేదో తెలీదు. మీరు వెళ్ళాక ఈ సౌదీ కొండల మీద, అభాలో ఇది రెండో చలికాలం. మధ్యాహ్నానికే కొండ మీంచి మంచు దిగి కిటికీ అద్దాలకి అంటుకుంటోంది. కాలేజీ వాళ్ళు నా ఇఖామా, ఇక్కడ ఉండేందుకు అనుమతి, ఈ ఏటికి పొడిగించారు. ఆ తర్వాత సంగతి... చూడాలి.

మీరు బిగించిన గ్యాస్ హీటర్ ఇంకా పనిచేస్తోంది. దాని పొగగొట్టం గురించే ఈ ఉత్తరం.

గుర్తుందిగా? గోడలోంచి సందులోకి తీసిన గొట్టం, పొగని బయటికి తోసే చిన్న ఫ్యాను. స్విచ్ వేయగానే ముందు ఒక దగ్గు, ఆ తర్వాత గోడంతా అదిరే మోత. నేను చెవులు మూసుకుంటే మీరు నవ్వేవారు. "మోగనీవోయ్! మోగుతోందంటే పొగ బయటికి పోతోందన్నమాట. అది నోరు మూసుకున్న రోజున భయపడు."

మీరు లేని ఇంట్లో ఆ మోతే నాకు తోడు. ఎండ కాసిన రోజుల్లో కూడా వేసేదాన్ని. చలికే వేశానా...?

సందుకి అవతలి పోర్షన్లోకి రూతు అనే అమ్మాయి వచ్చింది. మీరు చూడలేదు. భీమవరం వైపు పిల్ల, ఆసుపత్రిలో నర్సు. అన్నీ రాత్రి డ్యూటీలే, పగలు పడుకోవాలి. వచ్చిన రోజే చేపల పులుసు గిన్నెతో తలుపు తట్టి, "అక్కా" అని వరస కలిపేసింది. హీటర్ చూపించి, ఇది మా ఆయన తన చేత్తో బిగించారని మురిసిపోతూ చెప్పాను. ఆ గొట్టం మూతి సరిగ్గా ఆ పిల్ల పడగ్గది కిటికీకే ఎదురని నాకెందుకు తట్టలేదు? కళ్ళెందుకలా ఎర్రబడ్డాయంటే, "డ్యూటీ కదక్కా" అనేది. నమ్మేశాను.

మొన్న శుక్రవారం, సెలవు. హీటర్ వేసుకుని పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. కాసేపటికి తల బరువెక్కింది. చదివిన వాక్యమే మళ్ళీ మళ్ళీ చదువుతున్నాను, బుర్రకెక్కదు. కళ్ళజోడు మార్చాలేమో అనుకున్నాను. అప్పుడు గమనించాను... గోడ అదరడం లేదు. లోపలెక్కడో సన్నటి గొణుగుడు, అంతే.

మీ మాట చెవిలో పడింది. హీటర్ ఆపి, గ్యాస్ కట్టేసి, కిటికీలు తీసి, ఒంటి మీద నల్ల అబాయా ఎలా తగిలించుకున్నానో ఏమో, సందులోకి వచ్చిపడ్డాను. గొట్టం మూతిలో దుప్పటి ముక్క కుక్కి ఉంది. గులాబీ పువ్వుల దుప్పటి. రూతు ఇంటి ముందు ఆరేసి ఉండగా చూశాను.

తలుపు తడితే, నా వాలకం చూసి ఆ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు. అది వంటింటి ఫ్యాను గొట్టం అనుకుందట. హీటరుదని చెప్పగానే నర్సు కదా, ఆ విషపు పొగ నా గదిలోనే నిండిందని అర్థమైపోయింది. నన్ను గాలిలో కూర్చోబెట్టి, నాడి పట్టుకుని, ఆ పూటే ఆసుపత్రికి లాక్కెళ్ళి ఆక్సిజన్ పెట్టించింది. పక్కన కూర్చుని ఒకటే ఏడుపు. "పోయినాయన గుర్తని చెప్పారు కదక్కా, దాని మోత భరించలేకపోతున్నానని ఏ మొహంతో అడగను?"

కోపం రాలేదండీ. నా మనసు నొప్పించకూడదనే కదా... అది నా ఊపిరి దాకా వచ్చింది.

మెకానిక్ వచ్చి గ్యాస్ పరీక్ష చేశాడు. ఫ్యానుకి పట్టిన దుమ్ము దులిపి, గొట్టం మూతిని కొండవైపు తిప్పాడు. అయినా గోడ అదురుతూనే ఉంది. గొట్టాన్ని గోడకి బిగించిన చోట మధ్యలో రబ్బరు వేయాలి, రేపు తెస్తాను, ఇన్షా అల్లా అన్నాడు. ఆ రేపు ఎప్పుడొస్తుందో మీకు తెలుసు.

మిక్సీ కిందా, వాషింగ్ మెషిన్ కిందా మీరు ఏం పెట్టేవారు? పాత హవాయి చెప్పుల ముక్కలు. "కొన్న రబ్బరు కన్నా తొక్కిన రబ్బరు మేలు" అనేవారు.

మీ చెప్పులు తలుపు దగ్గరే ఉన్నాయి, మీరు విడిచిన చోటే. కత్తెర పట్టుకుని వాటి ముందు చాలాసేపు నిలబడ్డాను. రూతు తన కాళ్ళవి విప్పి, "నావి కొయ్యండక్కా, కొత్తవి కొనుక్కుంటాలే" అంది. వద్దన్నాను. మీ కాలివేళ్ళ గుర్తులున్న ముందు భాగం వదిలేసి, ఒక చెప్పు మడమ వైపు కోశాను. మెకానిక్‌ని మళ్ళీ పిలిస్తే, ఆ ముక్కలు చూసి నవ్వుకుంటూనే బిగించాడు.

స్విచ్ వేస్తే చిన్న దగ్గు. తర్వాత... పక్కగదిలో ఎవరో మెల్లగా ఊపిరి తీస్తున్నట్టు. అవతల రూతు పొద్దు వాలినా లేవడం లేదు. పడుకోనీ.

మీరు చెప్పిన గుర్తు ఇప్పుడు పనికిరాదు. అది మోగదు, కాబట్టి మోత వింటూ కూర్చుంటే చాలదు. వేసిన ప్రతిసారీ సందులోకి వెళ్ళి, గొట్టం మూతి ముందు అరచెయ్యి పెడుతున్నాను. వెచ్చగా తగిలాకే లోపలికొస్తున్నాను. ఇకముందూ అలాగే చేస్తాను. చలేసినప్పుడే వేస్తాను కూడా... ఈ రెండో మాట నిలబెట్టుకోగలనో లేదో.

కోయని చెప్పు తలుపు దగ్గరే ఉంది. సగం చెప్పు కూడా దాని పక్కనే పెట్టాను.

మీ
శారద