మొద్దుకి ప్యాకెట్లోది పెట్టకండి

అత్తయ్యా, మీరు లేచేసరికి నేను క్లినిక్‌లో ఉంటాను. మొద్దుగాడికి ఈ పూట ఆ ప్యాకెట్లోని తిండి పెట్టకండి. కోడిమాంసం ఉప్పు వేయకుండా ఉడికించి, కాస్త అన్నంలో కలిపి పెట్టండి. వాణ్ణి మెట్లెక్కనివ్వకండి. మళ్లీ కూలబడినా, నాలుక నీలంగా కనిపించినా వెంటనే ఫోన్ చేయండి. పనిలో ఉంటానేమోనని మొహమాటపడకండి.

నిన్న తీసిన స్కాన్‌లో వాడి గుండె పెద్దదైందని తేలింది. మీకు చెప్పడానికి ముఖం చెల్లలేదు. ఇదే తిండి తింటున్న కుక్కల్లో ఈ నెల ఇది మూడోది. తిండివల్లేనని ఇంకా తేలలేదు గానీ, నా అనుమానం దానిమీదే. కాలేజీలో మాకు ఏ కుక్కకి ఏం పెట్టాలో పాఠం చెప్పింది ఆ తిండి తయారుచేసే కంపెనీ మనిషే. పాఠమయ్యాక చేతిసంచులు పంచితే, వరసలో ముందు నిలబడ్డాను.

"రోజూ ఆ గుళికలేనా పాపం" అంటూ మీరు పెరటి గుమ్మంలో చాటుగా మీ కంచంలోది పెడుతుంటే, "డాక్టర్ని నేనా, మీరా" అని మీ నోరు మూయించాను. ఆ మాట మనసులో పెట్టుకోకండి. ఇవాళ్టినుంచి చాటుగా పెట్టక్కర్లేదు.

ప్యాకెట్ పారేయకండి. దాని మీది నంబరు కావాలి.

ఇంకో మాట. ఈ కాగితం వెనకవైపు అచ్చేసిన ఆహారపట్టిక చూసి వాడికి పెట్టేరు సుమా. అది కంపెనీ మా క్లినిక్‌కి ఊరికే ఇచ్చిన పుస్తకంలోది. ఇలాంటివి నేను చింపి ఇచ్చినవి ఎన్ని ఇళ్లల్లో ఫ్రిజ్‌కి అంటించి ఉన్నాయో. అన్నిటి కిందా సంతకం నాదే.